మంగళవారం తడిసిన సబ్బు

పద్మనాభం సబ్బుగిన్నె మూత విప్పి చూపుడువేలి కొనతో సబ్బు మధ్యలో తాకాడు. పొడిగా ఉంది. అంచు చుట్టూ వేలు తిప్పాడు. అక్కడా పొడే. నిన్న గడ్డం గీసుకున్నాక తనే గిన్నె వంచి నీళ్ళు ఓడ్చి, పాత బనీను గుడ్డతో అద్ది, కిటికీ గట్టుమీద ఆరనిచ్చి మూత బిగించాడు. ఇవాళ మంగళవారం. మంగళ, శుక్రవారాలు అతను గడ్డం గీసుకోడు. అతని తండ్రీ గీసుకునేవాడు కాదు, తాతా గీసుకునేవాడు కాదు. కనక రేపు పొద్దున దాకా ఈ సబ్బుకి నీటిచుక్క తగలకూడదు.

మూత మీద ఉబ్బెత్తుగా ఒక రాజహంస ఉంటుంది. గిన్నెని అద్దం కింది అరలో పెట్టి, హంస ముక్కు సరిగ్గా కుళాయి వైపు ఉండేలా తిప్పాడు. వెనక్కి జరిగి చూశాడు. మళ్ళీ దగ్గరికొచ్చి కొంచెం సవరించాడు.

పోయిన శుక్రవారం సాయంత్రం ఆఫీసు నించి వచ్చేసరికి ఆ ముక్కు కిటికీ వైపు ఉంది. మూత తీస్తే సబ్బు మెత్తగా, తడిగా ఉంది. బ్రష్ కుచ్చు మొదట్లో చెమ్మ. రేజర్ పిడి అతను బిగించేదానికన్నా గట్టిగా బిగించి ఉంది. అంతకుముందు మంగళవారం కూడా ఇంతే. మొదటిసారి తన మతిమరుపు అనుకున్నాడు. రెండోసారి అలా అనుకోలేదు.

"బాత్రూములో కాపురం పెట్టారా ఏమిటి?" అంది ఉమారాణి వంటింట్లోంచి. "అన్నయ్య వెళ్ళాలి."

"వస్తున్నా."

మామూలు సబ్బయితే ఇంత ఆలోచన ఉండేది కాదు. రాజహంస షేవింగ్ సబ్బు చేసే కంపెనీ మూతపడి చాలాకాలమైంది. ఈ దేశరాజధానిలోనే ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్ ఖాళీ చేసి ద్వారకలో ఈ ఫ్లాటుకి వస్తున్న ఏడు, అక్కడి మార్కెట్లో ఒక కిరాణా దుకాణం ఎత్తేస్తూ వెనకగది సామానంతా అరుగు మీద పోశారు. తుప్పుపట్టిన పౌడరు డబ్బాల మధ్య ముదురాకుపచ్చ బేకలైటు గిన్నె ఒకటి కనిపించింది. కొనే ఉద్దేశం లేకుండానే తీసి వాసన చూశాడు. వట్టివేరు, కాస్త గంధం, వాటి వెనక ఎన్నాళ్ళో మూసి ఉన్న చెక్కబీరువా తలుపు తెరిచినప్పటి వాసన. ఇంటికి తెచ్చి వేడినీళ్ళు పోస్తే సబ్బు కదల్లేదు, రాయిలా ఉండిపోయింది. రాత్రంతా నీళ్ళలో ఉంచాక గానీ పాత సబ్బు మాట వినదని మర్నాడు తెలిసింది. అప్పుడు లేచింది నురగ, మీగడలా చిక్కగా. ముఖం మీద ఎంతసేపున్నా ఆరిపోలేదు.

ఆ రోజు నించి ట్యూబు క్రీములు మానేశాడు. సిగరెట్టు లేదు, పేకాట లేదు, చొక్కాలు ఉమారాణి కొంటేనే. తన కోసం తను వెతుక్కుని, పాత దుకాణాలు గాలించి కొనుక్కునే వస్తువు ఈ ఒక్కటే. కూతురు తేజశ్రీ గురుగ్రామ్ నించి ఆదివారాలు వచ్చినప్పుడల్లా ఆ గిన్నె చూసి ముక్కు మూసుకుంటుంది. "పాపా, యే తో ముఝ్‌సే భీ బడా హై. ఎక్స్‌పైరీ చెక్ కియా?" అంటుంది, సబ్బు తనకన్నా వయసులో పెద్దదని వెక్కిరిస్తూ.

అరిగి అరిగి ఇప్పుడున్న సబ్బు గిన్నె అడుక్కి వచ్చింది. దాని మీది హంస ముద్ర ఎప్పుడో చెరిగిపోయింది, మూత మీదిదే మిగిలింది. దాన్ని ఎవరో వాడుతున్నారు.

పద్మనాభం ఆడిట్‌లో పనిచేస్తాడు. ప్రభుత్వోద్యోగులు ఊళ్ళు తిరిగొచ్చి పెట్టుకున్న ప్రయాణపు బిల్లులు అతని బల్ల మీదికి వస్తాయి. వాటిలో అబద్ధమేమైనా ఉందా అని చూడటం అతని పని. రెండు ఊళ్ళ హోటళ్ళ రసీదులు ఒకే చేతిరాతలో ఉంటే పట్టుకుంటాడు. వరదలకి రద్దయిన రైల్లో ప్రయాణం చేసినవాళ్ళని పట్టుకుంటాడు. పక్కన పెన్సిల్‌తో 'సందేహాస్పదం' అని రాస్తాడు. పైవాళ్ళు చాలాసార్లు దాన్ని రబ్బరుతో చెరిపేసి బిల్లు పాస్ చేస్తారు. అతను నొచ్చుకోడు. రాయడం తన వంతు, చెరపడం వాళ్ళ వంతు. వచ్చే వేసవిలో రిటైరవుతాడు. అతని కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, అంతే తేడా.

కానీ ఆ పెన్సిల్ ఇంటికి కూడా వస్తుంది. పాలలో నీళ్ళు, తక్కెడ కింద అయస్కాంతం, లిఫ్టు మరమ్మతుకి సొసైటీ వాళ్ళు చెప్పిన కారణం, అన్నీ ఆ కంటితోనే చూస్తాడు. సబ్బు సంగతీ అలాగే చూశాడు. పనిమనిషి మాలతి అతను ఇంట్లో ఉండగానే బాత్రూము కడిగి వెళ్ళిపోతుంది. తేజశ్రీ ఆదివారాలు తప్ప రాదు. ఉమారాణికి గడ్డం లేదు. ఇక మిగిలింది ఉమారాణి అన్నగారు పార్థసారథి. ఆయనకీ లేదు.

పార్థసారథి తెనాలి బస్సు డిపోలో కండక్టరుగా చేరి, కంట్రోలరుగా రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. వానలు వెనకబట్టాక ఇక్కడి పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చి, తేజశ్రీ పాత గదిలో ఉంటున్నాడు. పద్మనాభం పెళ్ళి ఫోటోల్లో ఆయన పెళ్ళికొడుకు కన్నా ముస్తాబుగా ఉంటాడు. నల్ల దారం అంటించినట్టు సన్నటి మీసం, అద్దంలా గీసిన చెంపలు. కీమో మొదలయ్యాక ముందు జుట్టు పోయింది, తరవాత ఆ మీసం, గడ్డం, చివరికి కనుబొమలు కూడా. ముఖం ఇప్పుడు ఒలిచిన కోడిగుడ్డులా ఉంటుంది.

ఇంట్లో గడ్డం ఉన్నది తనొక్కడికే. మరి తను లేనప్పుడు ఈ ఇంట్లో గడ్డం గీసుకుంటున్న మగవాడెవడు?

ఆ ప్రశ్న తట్టినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే ఇంకొకటి గుర్తు చేసుకున్నాడు. ఈమధ్య ఉమారాణి "ఇవాళ ఎన్నింటికొస్తారు?" అని అడుగుతోంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మాట అడగాల్సిన అవసరం ఆవిడకి రాలేదు. అతను ఎప్పుడూ ఒకే వేళకి వస్తాడు.

ఫలహారం దగ్గర పార్థసారథి ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని కూర్చున్నాడు. ఇడ్లీ ముక్కని పళ్ళెంలో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

"మంగళవారం వచ్చిందంటే మా బావ రేగుకంపే," అన్నాడాయన, పద్మనాభం చెంపల కేసి చూసి. "నన్ను చూడు, ఏ వారమైనా ఒకటే నునుపు."

"మీకేం బావగారూ, వర్జ్యం, దుర్ముహూర్తం ఏదీ లేదు."

"అంతేగా మరి! నీకు పంచాంగం చూస్తే గానీ చెంప గోక్కోవడం కుదరదు."

పార్థసారథి నవ్వబోయి దగ్గాడు. ఉమారాణి వచ్చి వీపు రాసింది. "మాట్లాడుతూ తినకన్నయ్యా." తరవాత భర్త వైపు తిరక్కుండానే అడిగింది, "ఇవాళ ఎన్నింటికొస్తారు?"

"రోజూ వచ్చే వేళకే. ఏం?"

"ఏం లేదు. కూర వండాలిగా."

పద్మనాభం చేతులు కడుక్కుంటూ ఆలోచించాడు. కూర పొద్దున్నే వండేస్తుంది. పొయ్యి మీద మూకుడులో అరటికాయ వేపుడు అప్పటికే ఉంది.

మెట్లు దిగుతుంటే పై అంతస్తులో ఉండే సుధీంద్ర ఎదురయ్యాడు. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, ఒంటరివాడు. తను చదివేసిన తెలుగు వారపత్రికలు పార్థసారథికి తెచ్చి ఇస్తుంటాడు. ఇప్పుడూ చేతిలో ఒకటి ఉంది. పలకరింపుగా తల ఊపి పద్మనాభం ఆయన చెంపలు చూశాడు. మంగళవారం. నున్నగా మెరుస్తున్నాయి.

ఆఫీసులో పక్క బల్ల రవికిరణ్‌ది. కరీంనగర్ కుర్రాడు, కొత్తగా చేరాడు, మాట్లాడకుండా కూర్చోలేడు.

"రవికిరణ్, మంగళవారం గడ్డం గీసుకుంటావా నువ్వు?"

"మా నాయనమ్మ ఉన్నప్పుడైతే కత్తెర గూడ ముట్టనియ్యకపోయేది సార్. ఇప్పుడెవరు చూస్తుండ్రు?" అన్నాడు రవికిరణ్. "గని ఈడ మంగళవారం మంగలి దుకాణాలు బంద్ ఉంటయి కద. గీస్కోవాల్నంటే ఇంట్లనే గీస్కోవాలె."

"ఇంట్లోనే," అన్నాడు పద్మనాభం.

"ఎవరింట్ల వాళ్ళు, గంతే. ఏంది సార్, గడ్డం మీద గూడ ఆబ్జెక్షన్ రాస్తుండ్రా?"

పద్మనాభం నవ్వలేదు. ఎవరింట్లో వాళ్ళు. చేతిలో ఉన్న బిల్లు మీద భోపాల్ హోటల్ రసీదు రెండుసార్లు చదివాడు గానీ ఏమీ ఎక్కలేదు. కాసేపటికి లేచి పూటసెలవు చీటీ రాశాడు.

"మీరు లీవ్ పెడుతుండ్రా!" రవికిరణ్ కుర్చీలోంచి సగం లేచాడు. "అరె భాయ్, ఎవరన్న కిటికీల్ మూయుండ్రి, తుఫాన్ వస్తది!"

ఇంటికి ముందు దరియాగంజ్ వెళ్ళాడు. అక్కడ వెనక సందులో గులాటీ దుకాణంలో ఒక రాజహంస ఉందని పోయిన నెలే చూసి పెట్టుకున్నాడు. సంగతేమిటో తేలేదాకా దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యాలనుకున్నాడు. గులాటీ నిచ్చెన ఎక్కి, పై అరలోంచి దుమ్ము దులిపి అట్టపెట్టె ఇచ్చాడు. పద్మనాభం కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, పెట్టెని వెలుతురు కేసి తిప్పాడు. కంపెనీ చిరునామాలో పిన్ కోడ్ లేదు, పిన్ కోడ్లు రాకముందుది. బావుంది. కాగితం మడతల దగ్గర మాత్రమే పసుపెక్కింది, టీ నీళ్ళలో ముంచింది కాదు. ఇదీ బావుంది. లోపల కొత్త గిన్నె, సబ్బు మీద హంస ముద్ర రెక్క రెక్కా విడివిడిగా ఉంది. మరీ ఇంత కొత్తగా ఎలా ఉంటుంది?

"అసలీ హై న?"

"బాబూజీ, ఇస్‌కా నకిలీ బనానేవాలా భీ కబ్ కా మర్ గయా హోగా," అన్నాడు గులాటీ, దీనికి నకిలీ చేసేవాడు కూడా ఎప్పుడో పోయుంటాడన్నట్టు. "సూంఘ్ లీజియే."

వాసన చూశాడు. అదే వాసన. అదే అయినా మరోసారి చూశాడు. సబ్బుంది గానీ అనుమానానికి మందు లేదని గులాటీ విసుగ్గా నవ్వాడు. "సాబున్ మేరే పాస్ హై. శక్ కీ దవా నహీఁ హై."

మెట్రోలో సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఈ వేళప్పుడు రైలు ఖాళీగా ఉంటుందని అతనికి తెలియదు. కిటికీలోంచి కనిపించే పొగమంచులో నగరం మాసిన దుప్పటి కప్పుకున్నట్టు ఉంది. ఏం చూడబోతున్నాడో అనుకోవడానికి ప్రయత్నించాడు. ఒకటి అనుకుంటే ఇల్లు ఇక ఇల్లు కాదు. ఇంకొకటేదీ తోచలేదు. ద్వారక వచ్చేసరికి సంచీ చెవులు చేతి చెమటకి తడిసిపోయాయి.

లిఫ్టు ఎక్కలేదు. లిఫ్టు తలుపు చప్పుడు చేస్తుంది. రెండో అంతస్తు దాటాక షూ విప్పి చేత్తో పట్టుకున్నాడు. జాలీ తలుపు మెల్లగా లాగి, చెక్క తలుపు తాళం తిప్పాడు. హాల్లో ఎవరూ లేరు. పార్థసారథి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. మందులు వేసుకుని ఈ వేళకి ఆయన పడుకుంటాడు. టీపాయ్ మీద పొద్దున సుధీంద్ర చేతిలో ఉన్న వారపత్రిక ఉంది.

బాత్రూములో కుళాయి చప్పుడు ఆగింది. మగగొంతు ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ వెంటనే ఉమారాణి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వు కాదు. గొంతు నిండా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో పద్మనాభానికి గుర్తులేదు.

"కదలకుండా పట్టుకో," అంది మగగొంతు, నోరు సరిగా తెరవకుండా.

పద్మనాభం గోడ పట్టుకుని రెండడుగులు వేశాడు. బాత్రూము తలుపు సగం తెరిచి ఉంది.

నీలం ప్లాస్టిక్ స్టూలు మీద పార్థసారథి కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ తువ్వాలు. ముఖం నిండా నురగ. ఆ నురగ కింద లోతుకుపోయిన చెంపలు కనిపించడం లేదు. ముఖం నిండుగా, ఆరోగ్యవంతుడి ముఖంలా ఉంది. ఎదురుగా ఉమారాణి గుండ్రటి అద్దం పట్టుకుని వంగి నిలబడింది. అరమీద మడిచిన కాగితంలో బ్లేడు పడుకుని ఉంది. ఖాళీ రేజర్‌తో పార్థసారథి చెంప మీంచి కిందికి, గడ్డం కింద నించి పైకి, శ్రద్ధగా నురగ తీస్తున్నాడు. ప్రతి లాగుకీ రేజర్‌ని మగ్గులో ముంచి విదిలిస్తున్నాడు. ముక్కు కింద మాత్రం ఆగాడు. పైనా కిందా చూపుడువేలితో తుడిచి, పెదవి మీద సన్నటి గీతలాగా నురగ వదిలాడు.

మీసం. తెల్లది, దారమంత సన్నది.

"అచ్చం నా పెళ్ళినాటి అన్నయ్యే," అంది ఉమారాణి. ఈసారి నవ్వలేదు.

"అది లేకపోతే తెనాలి డిపోలో నన్నెవడే గుర్తుపట్టేది?" పార్థసారథి అద్దంలో ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఉమా, బావకి చెప్పేద్దామే. ఇదేదో దొంగతనంలా ఉంది. జన్మంతా టిక్కెట్టు లేనివాళ్ళని దింపేసినవాణ్ణి. ఇప్పుడు నేనే టిక్కెట్టు లేకుండా ఎక్కి కూచున్నా."

"వద్దు."

"ఏం, కాదంటాడా?"

"కాదనరు. వాడుకోండనే అంటారు." ఉమారాణి అద్దాన్ని కొంగుతో తుడిచింది. "కానీ ఆ రోజు నించి రోజూ మూత తీసి ఎంత అరిగిందో చూస్తారు. ఏమీ అనరు, చూస్తారంతే. ఆయన చూడటం నువ్వు చూస్తావు. అది నాకిష్టం లేదు. మంగళ, శుక్రవారాలు ఆయన దాని జోలికే వెళ్ళరు. మర్నాటికి ఆరిపోతుంది. మన పని మనం చేసుకుందాం."

"మంచివాడేనే పాపం."

"కాదన్నానా?"

పద్మనాభం వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచాడు. తలుపు మూసేటప్పుడు నాలిక పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. మెట్ల మీద కూర్చుని షూ తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

సొసైటీ పార్కులో ఒక మూల బల్ల మీద కూర్చున్నాడు. తన ఇంట్లో తన చూపు ఎక్కడెక్కడ పడిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఉమారాణి ఆటోవాడికిచ్చింది ఎప్పుడూ పూర్తిగా చెప్పదు. తేజశ్రీ కొత్త బట్టలకి ధర చీటీ చింపేసి గానీ చూపించదు. మాలతి మిగిలిన అన్నం డబ్బా చున్నీ కింద పెట్టుకుని వెళ్తుంది, ఇచ్చింది ఉమారాణే అయినా. వాళ్ళలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. అతని చూపు ఎక్కడిదాకా వస్తుందో తెలుసుకుని దానికి అవతల బతకడం నేర్చుకున్నారు. ఇల్లంతా కలిసి అతన్ని అనుమానిస్తోంది. ఇన్నాళ్ళూ అనుమానించేది తనొక్కడే అనుకున్నాడు.

"ఏం పద్మనాభం గారూ, ఈ పొద్దు బిన్నే వచ్చేసినారే?" సుధీంద్ర చేతికర్ర ఊపుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన దగ్గర పిప్పరమెంటు లాంటి చల్లటి క్రీము వాసన వేసింది. వట్టివేరు జాడ ఎక్కడా లేదు. "పార్థసారథి గారిని పొద్దున చూస్తిని. మనిషి శానా నీరసించినాడు. చూపు కూడా పుస్తకం మింద నిలబడల్యా."

"అవునండీ," అన్నాడు పద్మనాభం. తల ఎత్తి ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. "మీరు పుస్తకాలు తెచ్చిస్తున్నారు. చాలా సంతోషం."

"అయ్యో, దానికేముంది లెండి."

ఆ ముసలాయన లేచి వెళ్ళిపోయాక కూడా రోజూ ఇంటికి చేరే వేళ అయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

తలుపు ఉమారాణి తీసింది. పద్మనాభం కాళ్ళు కడుక్కోవడానికి బాత్రూములోకి వెళ్ళాడు. హంస ముక్కు గోడ వైపు ఉంది. మూత ముట్టుకోలేదు. ముఖం తుడుచుకుని బయటికొచ్చి, సంచీలోంచి అట్టపెట్టె తీసి హాల్లో పార్థసారథి ముందు పెట్టాడు.

"బావగారూ, మీతో ఒక పనిబడింది. ఇది నకిలీ అని నా అనుమానం."

"నీకు అనుమానం కానిదేది బావా? మొన్న చింతపండు పులిహోర పెడితే చింతపండు అసలుదేనా అన్నావు."

"నవ్వులాట కాదు. అసలు రాజహంస నురగ ముఖమ్మీద ఎంతసేపున్నా ఆరదు. నకిలీది ఆరిపోతుంది. నా గరుకు చెంపల మీద అది తేలదు. నున్నటి చర్మం మీద చూడాలి." పెట్టెని ఆయన వైపు జరిపాడు. "ఒక్క రోజుతో తేలేది కూడా కాదు. రోజూ పెట్టుకుని చూస్తే గానీ చెప్పలేం. బ్లేడు అక్కర్లేదు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

పార్థసారథి అతని వైపు చాలాసేపు చూశాడు. కనుబొమలు లేని ఆ ముఖంలో ఏముందో తెలుసుకోవడం కష్టం. "రోజూనా?"

"రోజూ. మంగళ, శుక్రవారాలు కూడా. మీకు గడ్డం లేదు గనక పట్టింపు లేదు."

"పొద్దున్నే?"

"పొద్దున్నే. నేను గీసుకునేటప్పుడే. పక్కనుంటే నాకూ తెలుస్తుంది కదా."

"టిక్కెట్టు కొట్టేశావన్నమాట," అన్నాడు పార్థసారథి నెమ్మదిగా.

"టిక్కెట్టేమిటి?"

"ఏం లేదులే బావా. పాత అలవాటు."

పెట్టె తీసి గిన్నె మూత విప్పి వాసన చూశాడు. కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. సబ్బు మీది హంసని బొటనవేలితో తడిమాడు. "నకిలీ అయితే మాత్రం ఎంత పనితనమయ్యా," అన్నాడు. ఇప్పుడే చూసేద్దామన్నాడు గానీ, కొత్తగా తీసిన పాత సబ్బు రాత్రంతా నానాలని పద్మనాభం చెప్పాడు. అయితే నీళ్ళు తనే పోస్తానన్నాడు పార్థసారథి. గోడ పట్టుకుంటూ బాత్రూము దాకా నడిచి, మగ్గుతో గోరువెచ్చటి నీళ్ళు గిన్నె అంచు దాకా పోసి, అరమీద పాత గిన్నె పక్కన పెట్టి వచ్చాడు. ఆ నడకకే ఆయాసపడ్డాడు. అయినా ఆ పూట చారన్నం ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

పడకలు వేసేటప్పుడు ఉమారాణి మాసిన బట్టలు తీస్తూ పద్మనాభం మేజోళ్ళు చేత్తో ఎత్తి చూసింది. "వీటి అడుగులింత నల్లగా ఉన్నాయేం?"

"ఆఫీసులో..."

"ఆఫీసులో షూ విప్పి నడుస్తారా?"

ఆవిడ మేజోళ్ళని కాసేపు అలాగే పట్టుకుంది. బకెట్లో సర్ఫు నీళ్ళు కలిపి వాటిని నానబెట్టి, చెయ్యి తుడుచుకుని వచ్చి, అతనికి ఆనుకుని కూర్చుని, గుడ్డలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

బుధవారం పద్మనాభం ఎప్పటికన్నా ముందే లేచాడు. గీజరు వేశాడు. నీలం ప్లాస్టిక్ స్టూలు కడిగి తుడిచి అద్దం ముందు వేశాడు. తన రేజర్‌లోంచి బ్లేడు తీసి మళ్ళీ పెట్టి, పాత రేజరొకటి వెతికి తెచ్చి అరమీద పెట్టాడు. రెండో బ్రష్ లేదు, తన బ్రష్షే బాగా కడిగాడు. ముందు ఆయన, తరవాత తను. కొత్త గిన్నెలో నీళ్ళు తేటగా ఉన్నాయి. అప్పుడు వెళ్ళి పార్థసారథి గది తలుపు మీద వేళ్ళతో తట్టాడు.

"బావగారూ, వేడినీళ్ళు సిద్ధం."

మళ్ళీ తట్టాడు. తలుపు తోసి లోపలికి వెళ్ళాడు. పార్థసారథి గోడ వైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. టోపీ జారిపోయి ఉంది. ఉన్ని టోపీ లేని తల మీద పద్మనాభం చెయ్యి వేశాడు. తీసేశాడు. "ఉమా," అని పిలిచాడు. పిలిచిన తీరుకే ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

తరవాతి పనులు వాటంతటవే జరిగిపోయాయి. సుధీంద్ర కిందా పైనా తిరిగి అందరికీ ఫోన్లు చేశాడు. తేజశ్రీ క్యాబులో వచ్చి తల్లి పక్కన కూర్చుంది. చెయ్యాల్సినవాళ్ళు ఇంకెవరూ లేరు గనక నిప్పు పద్మనాభమే పెట్టాడు. క్షౌరం పదోరోజున చేయించుకోవచ్చు, అప్పటిదాకా గడ్డం ముట్టుకోకూడదని పురోహితుడు చెప్పాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఉమారాణి గుమ్మంలో నీళ్ళ చెంబు పెట్టి, తలుపులన్నీ తెరిచి ఉంచింది. ఏదీ ముట్టుకోకుండా తిన్నగా బాత్రూములోకి వెళ్ళమంది. బట్టలతోనే తలమీంచి నీళ్ళు గుమ్మరించుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా అద్దం, అద్దంలో రెండు రోజుల గడ్డం, దాని కింద అర. పాత గిన్నె మూత మీది హంస ముక్కు ఎటు ఉందో అతను చూడలేదు.

దాని పక్కన కొత్త గిన్నె, పార్థసారథి పోసిన నీళ్ళు అంచు దాకా అలాగే నిలిచి ఉన్నాయి. నీళ్ళ అడుగున సబ్బు మీద రాజహంస, రెక్కల గీతలు కాస్త మెత్తబడి, ఏ బ్రష్షూ తగలకుండా.